మూడు లక్షల కొటేషన్ పక్కన పెట్టండి, ముందు డస్ట్‌బిన్ బోర్లించండి

ప్రశ్న:

మేడమ్, నమస్తే. నేను తెనాలి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెబుతాను. నర్సరీ నుంచి ఏడో తరగతి దాకా 240 మంది పిల్లలు. కింద రెండు గదుల్లో డేకేర్ కూడా ఉంది. అక్కడ పద్దెనిమిది మంది చిన్నపిల్లలు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా ఉంటారు. ఈ ఏడాది స్కూలుని ‘గ్రీన్ స్కూల్’ చేయాలని మా కరస్పాండెంట్ గారు పట్టుబట్టి నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. ఒకతను వచ్చి అంతా చూసి 3,40,000 రూపాయలకు కొటేషన్ ఇచ్చాడు. సోలార్, గోడకి వర్టికల్ గార్డెన్, రంగుల డస్ట్‌బిన్ల సెట్లు, ఇంకుడుగుంత, కాంపౌండ్ చుట్టూ తొందరగా పెరిగే కోనోకార్పస్ మొక్కలు, గేటు దగ్గర పెద్ద బోర్డు. సోలార్‌కి సబ్సిడీ వస్తుందట. సార్ మాత్రం ‘అంత నావల్ల కాదు, 40,000 ఇస్తాను, అందులో ఏం చేస్తారో చేయండి’ అన్నారు. పోయిన ఏడాది జూన్ 5న నాటిన మొక్కల్లో ఒక్కటీ బతకలేదు. పిల్లలతో చెత్త వేరు చేయించబోతే ఒక పేరెంట్ వచ్చి ‘ఫీజులు కట్టేది మా వాడితో చెత్త ఏరించడానికా?’ అని గొడవ చేశారు. ఆయమ్మలు ఇద్దరే, ఇంకో పని చెబితే మానేస్తామంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మా వారి ఆఫీసులో కూడా ఇలాంటిదేదో మొదలెడుతున్నారట, ఆయనకీ ఒక మాట చెప్పండి.
– ఒక టీచర్

సమాధానం:

టీచర్ గారూ, మీ కరస్పాండెంట్ గారి దగ్గర మూడు లక్షల నలభై వేలు లేకపోవడం మీ అదృష్టం. ఉండుంటే గేటుకి బోర్డు వచ్చేది, గోడకి ప్లాస్టిక్ కుండీలు వచ్చేవి, దసరా సెలవుల్లో నీళ్లు పోసే దిక్కులేక ఆ కుండీలన్నీ ఎండిపోయేవి. ఆ కొటేషన్లో ఉన్నవన్నీ కొత్తగా కొనాల్సినవే, గమనించారా? మీ స్కూల్లో ఇప్పుడు ఏం పారేస్తున్నారు, ఏం కారిపోతోంది, ఏం ఊరికే కాలిపోతోంది అని అతను అడిగినట్టే లేదు. నేను చెప్పేదంతా ఆ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. అసలు కొనడమే తగ్గించగలిగినవి చాలా ఉన్నాయి. అవి తేల్చుకున్నాక మిగిలేదానికి నలభై వేలు సరిపోతాయి.

ముందు ఆ సబ్సిడీ సంగతి. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 దాకా ఇస్తున్న మాట నిజమే, కానీ అది ఇళ్లకు. ప్రైవేటు స్కూలుకి రాదు. అతను వేరే పథకం ఏదైనా చెబుతుంటే దాని కాగితం చూపించమనండి. సోలార్ చెడ్డదని కాదు, మీ స్కూలుకి అది మూడో నాలుగో మెట్టు.

ఇక మొదటి మెట్టు. ఫంక్షన్లూ పరీక్షలూ లేని ఒక మామూలు రోజు చూసుకోండి. ఆ రోజు సాయంత్రం చెత్త బండికి ఇవ్వకుండా అన్ని క్లాసుల డస్ట్‌బిన్లూ ఒకచోటికి తెప్పించండి. పాత ఫ్లెక్సీ ఒకటి ఏ వార్షికోత్సవానిదో స్టోర్ రూములో ఉండే ఉంటుంది, దాన్ని వెనక్కి తిప్పి నేల మీద పరిచి బిన్లన్నీ దాని మీద బోర్లించండి. డేకేర్ డైపర్లూ బాత్రూముల చెత్తా మాత్రం ఇందులో కలపొద్దు. చేతులకు గ్లౌజులు, పక్కన ఒక వేలాడే కాటా ఉంటే చాలు.

ఏం బయటపడతాయో నేను కొంత ఊహించగలను. సగం కొరికిన ఇడ్లీలు, ఎండిపోయిన ఉప్మా, పెరుగన్నం ముద్దలు, అరటి తొక్కలు. ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ రేపర్లు, స్ట్రా గుచ్చిన జ్యూస్ డబ్బాలు. మూతలు పోయిన స్కెచ్ పెన్నులు, పెన్సిల్ చెక్కిన పొట్టు, ఒకవైపే రాసి చించేసిన కాగితాలు. స్టాఫ్ రూము నుంచి పేపర్ కప్పులు. ఎవరి బర్త్‌డే అయినా ఉంటే చాక్లెట్ కాగితాలూ పగిలిన బెలూన్లూ. వీటిని తిండి, కాగితం, ప్లాస్టిక్, మిగతావి అని నాలుగు కుప్పలు చేసి తూచి ఒక నోట్‌బుక్‌లో రాయండి. దాదాపు ఏ స్కూల్లోనైనా బరువులో తిండి ముందుంటుంది, చోటు ఆక్రమించడంలో ప్యాకెట్లు ముందుంటాయి. మీ అంకెలు వేరుగా వస్తే ఇక్కడ నేను చెబుతున్న వరుసను మార్చేసుకోండి. నెలకోసారి ఇదే తూకం వేస్తే మీరు చేసిన పనికి ఫలితం ఉందో లేదో తెలిసిపోతుంది. సార్‌కి చూపించడానికి ఫోటోల కంటే ఆ నోట్‌బుక్ పనికొస్తుంది.

ఆ పేరెంట్ గొడవ గురించి. ఆయన కోపంలో కొంత అహం ఉండొచ్చు, కానీ ఆ ప్రశ్నను కొట్టిపారేయొద్దు. మన దగ్గర చెత్త ఎవరు ముట్టుకోవాలన్నది ఒట్టి శుభ్రతకు సంబంధించిన విషయం కాదని మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అందుకని కొన్ని కట్టుబాట్లు పెట్టుకోండి. చెత్త పనిని ఎప్పుడూ శిక్షగా వేయకూడదు. హోంవర్క్ చేయనివాడికో లేటుగా వచ్చినవాడికో అప్పజెప్పకూడదు. ప్రతిసారీ అదే ఇద్దరు ముగ్గురు పిల్లలను పిలవకూడదు, రోల్ నంబరు వరుసలో అందరికీ వంతు రావాలి, టీచర్లకు కూడా. పిల్లలు తూకం వేయడం, లెక్క రాయడం, పొడి కాగితాలు సర్దడం వరకే. తడి చెత్త పెద్దవాళ్లదే. మొదటి రోజు కరస్పాండెంట్ గారినే గ్లౌజులు వేసుకుని కూర్చోమనండి. ఆయన కూర్చున్నాక ఏ పేరెంటూ మాట్లాడరు.

రంగురంగుల డస్ట్‌బిన్లు కొనే ముందు ఒక పని చేయండి. ఉదయాన్నే గేటు దగ్గర నిలబడి మీ చెత్త బండి అతన్ని అడగండి, తడీ పొడీ విడిగా తీసుకుంటాడా అని. బండిలో రెండూ కలిపేస్తుంటే మీరు వేరు చేసిందంతా ఆ గేటు దగ్గరే వృథా. అప్పుడు తడిది స్కూల్లోనే మగ్గబెట్టాలి, పొడిది పాత సామాన్ల కొట్టుకి వేయాలి. నిజానికి బండి ఎలా ఉన్నా అదే మంచిది. బిన్లు కొత్తవి వద్దు, ఉన్నవాటికే పెయింటు మార్కర్‌తో రాసుకోండి.

తిండి వృథాకి సగం మందు ఇంటర్వెల్‌లో ఉంది. స్నాక్స్ బెల్లుకీ లంచ్ బెల్లుకీ మధ్య గంటన్నరే ఉంటే పిల్లలు లంచ్ వదిలేస్తారు. అమ్మలేమో బాక్సు ఖాళీగా రావాలంటారు, కాబట్టి మిగిలిన అన్నం ఇంటికి పోకుండా మీ డస్ట్‌బిన్‌లోకి వస్తుంది. ‘మిగిలింది బాక్సులోనే ఇంటికి పంపుతాం, ఎంత తింటున్నాడో మీకు తెలుస్తుంది’ అని డైరీలో ఒక ముక్క రాసి పంపండి. అమ్మలు కొలత తగ్గిస్తారు, మీ కుప్పా తగ్గుతుంది.

మిగిలిందానికి రెండు పాత డ్రమ్ములు. అడుగునా పక్కలకూ కంతలు పెట్టించి, ఇటుకల మీద ఎత్తుగా, నీడలో ఉంచండి. అడుగున ఎండు పుల్లలో కొబ్బరి పీచో వేయండి. ఆ పైన తడి చెత్త ఒక వంతు, ఎండాకులు రెండు వంతులు, గుప్పెడు మట్టి, దొరికితే కాస్త పేడ నీళ్లు. ఆకులతోనే పైన మూసేయాలి, లేకపోతే ఈగలు. వారానికి ఒకసారి కర్రతో తిరగదోడాలి. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైందని, ఇంకాసిన్ని ఎండాకులు వేయండి. అసలు మగ్గకుండా పొడిపొడిగా ఉంటే కాసిని నీళ్లు చిలకరించండి. ఒక డ్రమ్ము నిండాక దాన్ని రెండు నెలలు కదపకుండా వదిలేసి రెండోది మొదలుపెట్టండి. మన ఎండలకి ఆ గడువు చాలు. కోడి ఎముకలూ చేప ముళ్లూ ఇందులో వద్దు, ఎలుకలు చేరతాయి. గుడ్డు పెంకులు నలిపి వేయొచ్చు. ఇంకో లాభం, ఎండాకులకు ఇప్పుడు గిరాకీ వస్తుంది కాబట్టి స్కూలు వెనక రోజూ ఊడ్చి కాల్చే మంట ఆగిపోతుంది. ఆ మంటలో ఆకులతోపాటు రేపర్లు కూడా కాలుతుంటాయి, ఆ పొగ నేరుగా డేకేర్ కిటికీలోకి పోతుంటుంది.

మరి ఆ డ్రమ్ము తిప్పేదెవరు? గ్రీన్ స్కూల్ కబుర్లు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. ఆలోచన టీచర్లది, పేరు యాజమాన్యానిది, చాకిరీ ఆయమ్మది. మానేస్తామని మీ ఆయమ్మలు అనడంలో తప్పేం లేదు. నలభై వేలల్లోంచి నెలకు వెయ్యి చొప్పున పది నెలలకు పదివేలు వాళ్ల కోసం పక్కన పెట్టండి, ఇద్దరూ వారాలు మార్చుకుంటారు. దాంతోపాటు పాత పని ఒకటి తగ్గించండి. పిల్లలు వెళ్లాక క్లాసు కాగితాలు ఏరే పని ఆఖరి పీరియడ్ చివరి ఐదు నిమిషాల్లో పిల్లలే చేసేస్తే ఆయమ్మకి అరగంట మిగులుతుంది. పాత సామాన్ల కొట్టులో కాగితాలకూ అట్టలకూ వచ్చే డబ్బులు కూడా వాళ్లకే ఇవ్వండి. అప్పుడు కాగితం తడవకుండా ఎలా దాచాలో మీరు నేర్పక్కర్లేదు.

ఇప్పుడు సైన్స్ టీచర్‌గా మీకే చుట్టుకునే విషయం ఒకటి. పర్యావరణాన్ని బడుల్లో పాఠంగా చెప్పాలని సుప్రీంకోర్టు పర్యావరణ న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో 1991లోనే చెప్పింది, అది సరిగ్గా అమలు కావడం లేదని 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. పాఠం వచ్చింది, పాఠంతో ప్రాజెక్టు వచ్చింది, ప్రాజెక్టుతో థర్మాకోల్ వచ్చింది. ఎగ్జిబిషన్ ముందు రోజు సాయంత్రం ఏ స్టేషనరీ షాపు దగ్గరైనా నిలబడి చూడండి. నాన్న బండి మీద అడ్డంగా థర్మాకోల్ షీటు, అమ్మ చేతిలో ఆకుపచ్చ గ్లిట్టర్ పేపరు, ఫెవికాల్, ప్లాస్టిక్ చెట్ల ప్యాకెట్. రాత్రి పదకొండింటి దాకా నాన్న కోస్తాడు, అమ్మ అతికిస్తుంది, పిల్లవాడు నిద్రపోతాడు. మర్నాడు ‘సేవ్ ఎర్త్’ మోడల్‌కి పదికి పది. వారం తర్వాత అది విరిగి, తెల్లటి గుండ్లు డ్రైనేజీలో తేలుతుంటాయి. అలంకరణ థర్మాకోల్‌ని దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. ప్లాస్టిక్ స్ట్రాలు, ప్లేట్లు, స్పూన్లు, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు కూడా ఆ జాబితాలోవే. ప్రాజెక్టుకు వాడేది అలంకరణ కాదని వాదించొచ్చు, ఆ వాదన మనకెందుకు? మీ సబ్జెక్టులో థర్మాకోల్, గ్లిట్టర్ వాడితే మార్కులు వేయనని చెప్పేయండి. మట్టి, పాత అట్టపెట్టెలు, కొబ్బరి చిప్పలు, పుల్లలు, గుడ్డ పీలికలు చాలు. ఇంకా మంచి ప్రాజెక్టు, వాళ్లింటి ఆరు నెలల కరెంటు బిల్లు తెచ్చి గ్రాఫ్ గీయడం. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, చేసే పని కూడా నాన్నది కాకుండా పిల్లవాడిదే అవుతుంది.

పుస్తకాల అట్టల సంగతీ అంతే. బ్రౌన్ షీటు, దాని మీద మళ్లీ ప్లాస్టిక్ కవరు వేయాలని స్కూలు రూలు పెట్టి ఉంటే తీసేయించండి. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసుకొచ్చినవాణ్ణి మెచ్చుకోండి. మార్చిలో నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి బైండింగ్ చేయించి రఫ్ బుక్కులు చేసుకోవడం మన చిన్నప్పుడు ఇంటింటా ఉన్న అలవాటే. 240 మంది పిల్లల దగ్గర ఒక్కొక్కరికి నలభై కాగితాలు మిగిలినా 9,600 కాగితాలు. ఊళ్లో ప్రింటింగ్ ప్రెస్సు అతను కుట్టిస్తాడు.

నీళ్ల దగ్గరకు వద్దాం. ఇంకుడుగుంత ఫోటోకి బాగుంటుంది కానీ మీరున్నది కృష్ణా డెల్టా. కాలవల్లో నీళ్లున్నప్పుడు భూగర్భజలం పైనే ఉంటుంది, వానాకాలం గుంతలోకి నీళ్లు దిగకుండా నిలిస్తే దోమలకు కాపురం పెట్టినట్టే. అదే అనంతపురం స్కూలు వాళ్లు అడిగితే మొదట అదే చేయమని చెబుతాను. చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. అనంతపురంలో ఏడాదికి పడే సుమారు 550 మిల్లీమీటర్లకి, 200 చదరపు మీటర్ల డాబా మీద లక్షా పదివేల లీటర్లు పడతాయి. అక్కడ అది బంగారం. మీకైతే ఇంకించడం కంటే కారుతున్నది ఆపడం ముఖ్యం.

చేతులు కడిగే కుళాయిల కింద ఒక లీటరు సీసా పెట్టి గడియారం చూడమని ఏడో తరగతి పిల్లలకు చెప్పండి. నలభై నిమిషాల్లో నిండిందంటే రోజుకి 36 లీటర్లు, ఏడాదికి 13,000 లీటర్ల పైచిలుకు. ఒక్క కుళాయికే. వాషరు ఖరీదు పదో ఇరవయ్యో. బాత్రూముల్లో ఫ్లష్ ట్యాంకులు లోపల్లోపల కారుతుంటాయి, బయటికి కనపడదు. ట్యాంకులో కాస్త పసుపు కలిపి పావుగంట ఫ్లష్ చేయకుండా ఆగి చూడండి, కింద పసుపు రంగు దిగితే కారుతున్నట్టే. ఆర్వో మెషిన్ ఉంటే దాని వేస్టు పైపు ఎటు పోతోందో చూడండి. లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు వదిలేయడం వాటికి మామూలే. ఆ పైపుని ఒక డ్రమ్ములోకి పెట్టిస్తే నేల తుడవడానికీ బాత్రూములకీ వస్తాయి. మొక్కలకు మాత్రం రోజూ అవే పోయకండి, ఉప్పు పేరుకుంటుంది.

కరెంటులో తొందరపడి పాత ఫ్యాన్లన్నీ పీకేయొద్దు. లెక్క చూడండి. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. క్లాసు గదిలో రోజుకి ఆరు గంటలు, ఏడాదికి 220 రోజులు తిరిగితే మిగిలేది 60 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 480. ఫ్యాన్ ధర 2,800 అనుకుంటే తిరిగి రావడానికి ఆరేళ్లు. అదే డేకేర్‌లో పదకొండు గంటలు, ఏడాదికి 300 రోజులు తిరుగుతుంది. అక్కడ మిగిలేది 148 యూనిట్లు, రెండున్నరేళ్లలోపే డబ్బు తిరిగొస్తుంది. కాబట్టి డేకేర్‌లో ఉన్న నాలుగు ఫ్యాన్లు మార్చండి, అక్కణ్ణుంచి తీసినవి క్లాసుల్లో ఏదైనా వైండింగ్ కాలిపోయినప్పుడు వాడుకోండి. చోకు ట్యూబులైట్లు పోయినప్పుడల్లా ఎల్‌ఈడీ పెట్టుకుంటూ పోండి. అసలు కిటికీకి అడ్డంగా పెట్టిన బీరువా జరిపితే పగటిపూట ఆ లైటు వేయాల్సిన పనే ఉండకపోవచ్చు.

పై అంతస్తు పిల్లలు మార్చిలోనే మాడిపోతుంటారు. డాబా మీద చెత్త ఊడ్చి సున్నం రెండు పూతలు వేయించండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది కాబట్టి స్లాబు అంతగా వేడెక్కదు. మన పెద్దవాళ్లకు తెలిసిన సంగతే, తెలంగాణ ప్రభుత్వం దీన్ని 2023లో కూల్ రూఫ్ విధానంగా తెచ్చింది. సున్నం వానలకు పోతుంది, ఏటా ఫిబ్రవరి చివర్లో మళ్లీ వేయాలి.

డేకేర్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. అక్కడున్నది ప్రతి వస్తువునీ నోట్లో పెట్టుకునే వయసు. ముందు గోడలు, కిటికీ చువ్వలు, ఊయల, కుర్చీల పెయింటు చూడండి. పెయింట్లలో సీసం పదిలక్షల పాళ్లలో 90కి మించకూడదన్న రూలు మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులు పెచ్చులూడుతుంటే ఆ పెచ్చులు పిల్లల చేతికి దొరక్కూడదు. పొడిగా గీకించొద్దు, దుమ్ము లేస్తుంది. సెలవుల్లో, పిల్లలు లేనప్పుడు, తడిపి గీకించి, తడిగుడ్డతో తుడిపించి కొత్త రంగు వేయించండి. డబ్బా మీద సీసం వివరం ఉందో లేదో చూసి కొనండి. బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. సంతలో కిలో లెక్కన అమ్మే మెత్తటి, కంపు కొట్టే ప్లాస్టిక్ బొమ్మలు ఎంత చవకైనా వద్దు.

కొనాల్సి వస్తే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలున్నాయి. అంకుడు కర్రని లేతు మీద తిప్పి, లక్కతో రంగు ఎక్కిస్తారు. మొక్కల నుంచి తీసే రంగుల పని అక్కడ మళ్లీ నిలబెట్టినందుకే సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. భౌగోళిక గుర్తింపు కూడా 2017లోనే వచ్చింది. కొనేటప్పుడు సహజ రంగులవే కావాలని గట్టిగా అడగండి, మూడేళ్లలోపు వాళ్లకు ఊడివచ్చే చిన్న ముక్కలున్నవి తీసుకోకండి. బొమ్మలు లేకపోయినా నష్టం లేదు. స్టీలు గిన్నెలు, చెక్క గరిటెలు, గుడ్డ బంతి, ఇసుక ఇస్తే ఆ వయసు పిల్లలు పూటంతా ఆడతారు.

డైపర్ల విషయంలో నేను మిమ్మల్ని గుడ్డలకు మారమని అనను. పద్దెనిమిది మంది గుడ్డలు ఉతికేది మళ్లీ ఆ ఆయమ్మే కదా. ఇంటి నుంచి గుడ్డలు పంపి, తడిసినవి సాయంత్రం తీసుకెళ్లే తల్లులుంటే సంతోషంగా ఒప్పుకోండి. మిగతావి కాగితంలో చుట్టి మూత ఉన్న విడి బిన్‌లో వేసి బండికి విడిగా ఇవ్వండి. రెండేళ్లు దాటిన పిల్లల్ని వేళకి బాత్రూముకి తీసుకెళ్లడం అలవాటు చేస్తే ఆ లెక్క దానంతటదే తగ్గుతుంది. ఇంకో రెండు మార్పులు వెంటనే చేయండి. పిల్లలు నిద్రపోయే గదిలో దోమల కాయిల్ వెలిగించడం మాన్పించి కిటికీలకు మెష్ కొట్టించండి. నేల తుడిచే ఫినాయిల్ మూతల లెక్కన కాకుండా డబ్బా వంచి పోస్తున్నారేమో చూడండి. ఆ గాఢమైన వాసనకి శుభ్రతతో సంబంధం లేదు, పాకే పిల్లల అరచేతులకు అంటేది అదే.

మొక్కలెందుకు చచ్చిపోయాయో తేదీలోనే ఉంది. జూన్ 5 అంటే మనకి రోహిణి కార్తె పోకముందే. రోళ్లు పగిలే ఎండలో, బడి కూడా తెరవకముందు, ఫోటో కోసం నాటితే నీళ్లు పోసేదెవరు? పర్యావరణ దినోత్సవం ప్రపంచానికి 1973 నుంచి జూన్ 5నే, మన మొక్కలకు మాత్రం జులై. వానలు పడి నేల తడిశాక నాటండి. పది చాలు. ఒక్కోదానికి ఒక క్లాసు బాధ్యత, వేసవి సెలవులకు వాచ్‌మన్‌తో ముందే ఒప్పందం. కోనోకార్పస్ మాత్రం వద్దనండి. పుప్పొడితో ఎలర్జీలు, వేళ్లతో పైపులకు ఇబ్బంది అని గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. త్వరగా పచ్చగా కనపడాలనే ఆత్రంతో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో ఏడాకుల చెట్లు విరివిగా వేస్తే, పూత కాలంలో ఆ ఘాటుకి ఊపిరాడటం లేదని జనం మొత్తుకున్నారు. మీకు పడమటి గోడవైపు రెండు మూడు కానుగలు వేస్తే నాలుగేళ్లకు మధ్యాహ్నపు ఎండ గదుల మీద పడదు. ఓ నేరేడు, ఓ ఉసిరి, కరివేపాకు. కాసే చెట్టుని పిల్లలే కాపాడుకుంటారు, కాయలు పండకముందే కోసినా సరే.

స్టాఫ్ రూము టీకి పేపర్ కప్పులు ఆపేయండి. కాగితమే కదా అనుకుంటాం, లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. వేడి ద్రవం పోసి పావుగంట ఉంచితే వంద మిల్లీలీటర్లలోకి పాతికవేల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో తేల్చారు. ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుని ఎవరిది వాళ్లు కడుక్కోవాలి, ఈ రెండో మాట నోటీసులో తప్పకుండా రాయండి. ఫంక్షన్లకి స్కూలుకే ఒక స్టీలు సెట్టు ఉంచుకోండి. సిద్దిపేట వైపు ఇదే పద్ధతిలో స్టీల్ బ్యాంకులు పెట్టి పెళ్లిళ్లకూ పేరంటాలకూ ప్లేట్లు, గ్లాసులు ఇస్తున్నారు. మీ సెట్టు కూడా తల్లిదండ్రులకు పుట్టినరోజులకి ఇవ్వొచ్చు.

మీ వారి ఆఫీసుకి చెప్పడానికి ఎక్కువ లేదు. ఆఫీసుల్లో కరెంటు తినేది ఏసీ. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు 24 డిగ్రీల మీదే మొదలయ్యేలా వస్తున్నాయి, దాన్ని 18కి దించేవాడు ప్రతి ఆఫీసులో ఒకడుంటాడు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఏసీలకు స్టార్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ లెక్క. 25, 26లో పెట్టి ఫ్యాన్ వేసుకుంటే ఎవరికీ స్వెటర్ అవసరం పడదు. ప్రింటరు రెండువైపులా ప్రింటయ్యేలా ఒకసారి సెట్ చేసి వదిలేయాలి. మీటింగులో చిన్న నీళ్ల సీసాల బదులు జగ్గు పెట్టాలి. వచ్చిన వాళ్లందరికీ మొమెంటోలూ ప్లాస్టిక్ బొకేలూ ఇచ్చే ఆచారం ఆపగలిగితే ఆయనకి నా నమస్కారం చెప్పండి.

ఇక మీ నలభై వేలు. ఆయమ్మలకు 10,000, డేకేర్ ఫ్యాన్లకు బిగింపుతో కలిపి 12,000, స్టీలు ప్లేట్లూ గ్లాసులకు 5,000, మెష్‌కి 4,000, కుళాయిలూ ప్లంబరుకి 3,000, డ్రమ్ములూ గ్లౌజులూ కాటాకి 3,000, సున్నానికి 3,000. మీ ఊరి రేట్లను బట్టి అటూ ఇటూ సర్దుకోండి. ఎక్కడ కోత పడినా ఆ మొదటి పదివేలను మాత్రం ముట్టుకోకండి.

ఎగ్జిబిషన్‌కి ఇంకా టైముంటే తల్లిదండ్రులకి ఒక చిన్న సర్క్యులర్ పంపండి. ఇలా ఉంటే చాలు: ‘ఈ ఏడాది సైన్స్ ప్రాజెక్టుకి ఏమీ కొనవద్దు. ఇంట్లో ఉన్నవాటితో, పిల్లలే చేయాలి. మోడల్ వంకరగా ఉన్నా మార్కులు తగ్గవు. పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టులు, బెలూన్లు స్కూలుకి పంపవద్దు. పంపాలనిపిస్తే క్లాసు లైబ్రరీకి ఒక పుస్తకం ఇవ్వండి.’ అదే కాగితం ఒకటి స్టాఫ్ రూములో కూడా అంటించండి. ఎగ్జిబిషన్ రోజు జడ్జీలుగా వచ్చేవాళ్లకి ఒకటి ముందుగానే చేతికివ్వండి, లేకపోతే వాళ్లు గ్లిట్టర్ చూసి మార్కులు వేసేస్తారు.